పొలాలపై పావురాల తాకిడి: కొత్తగా సేద్యం చేపట్టినవారికి నివారణ మార్గాలు

హైదరాబాదులోని జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్ ప్రాంతాలలో షూటింగ్ అన్న మాటకు సినిమా చిత్రీకరణ అనే అర్థమే వాడుకలో ఉన్నది. అయితే ఈ ప్రాంతాలలో నివసిస్తూ మొయినాబాద్, శంకరపల్లి, చేవెళ్ళ పరిసరాలలో భూమి కొని సేద్యానికి పూనుకొన్నవారికి ఆ మాట మరొక అర్థంలోనూ ఎదురవుతుంది. విత్తిన మొక్కజొన్న మొలకెత్తకముందే పావురాల గుంపులు చాళ్ళలో దిగినప్పుడు, ఒక ఎయిర్ గన్ ఉంటే చాలునన్న ఆలోచన సహజంగా కలుగుతుంది. ఆ ఆలోచన చట్టరీత్యా ప్రమాదకరమైనది, శాస్త్రరీత్యా నిష్ఫలమైనది. అయినప్పటికీ మంచి వేటగాడు తుపాకీ ఎత్తకముందు చేసే పని ఒకటి ఉన్నది. అది పక్షి రాకపోకలను ఓపికగా పరిశీలించడం. ఆ నేర్పును రైతు అలవరచుకొంటే తూటా లేకుండానే పంటను కాపాడుకోవచ్చునని వివరించడమే ఈ వ్యాస ఉద్దేశం.

సమస్య నేపథ్యం

నీలి పావురం స్వతహాగా కొండ చరియల పక్షి. రాతి పగుళ్ళలో, గుహల అంచులలో గూడు కట్టుకోవడం దాని సహజ లక్షణం. జూబ్లీహిల్స్ గ్రానైటు గుట్టలు, వాటి మధ్యనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానవనపు శిలలు, చుట్టూ పెరిగిన బహుళ అంతస్తుల భవనాల బాల్కనీలు, ఎ.సి. యంత్రాల చాటు మూలలు ఈ పక్షికి ఒకే విధమైన ఆశ్రయాలు. వీటికి తోడు పుణ్యకార్యంగా భావించి కొందరు కూడళ్ళలో, మేడలపై చల్లే జొన్నలు, మొక్కజొన్నలు ఏడాది పొడవునా ఆహారం సమకూరుస్తున్నాయి.

నగరానికి పడమర, నైరుతి దిశలలో సేద్యభూములు ఇంకా మిగిలి ఉండడానికి ఒక కారణం ఉన్నది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణకై 1996లో వెలువడిన 111వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు 84 గ్రామాలలో నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. ఆ కారణంగా మహానగరపు అంచునే కూరగాయలు, మొక్కజొన్న, జొన్న, కంది వంటి పంటలు సాగులో ఉన్నాయి. నగరపు ఆశ్రయం, పల్లె ఆహారం పక్కపక్కనే ఉన్నచోట పావురాల తాకిడి ఎక్కువగా ఉండడంలో ఆశ్చర్యం లేదు.

నష్టం ఎంత ఉండవచ్చునో చిన్న లెక్కతో గ్రహించవచ్చు. సుమారు 300 గ్రాముల బరువుండే పావురం రోజుకు దాదాపు 30 గ్రాముల గింజలు తింటుంది. మొక్కజొన్న విత్తనాలైతే ఇవి వందకు పైగా ఉంటాయి. 60 × 20 సెం.మీ. ఎడంలో విత్తిన ఎకరం మొక్కజొన్నలో సుమారు 33,000 మొక్కలుంటాయి. యాభై పావురాల గుంపు ఒక్క రోజు ఆ పొలంపైనే ఆధారపడితే 5,000కు పైగా విత్తనాలు పోవచ్చు. అనగా ఎకరంలో దాదాపు ఆరవ వంతు. వాస్తవంలో పక్షులు ఇతర ఆహారమూ తింటాయి, మట్టిలోని ప్రతి విత్తనమూ వాటికి అందదు కనుక ఇది గరిష్ఠ అంచనా మాత్రమే. అయినా చిన్న కమతం గల రైతుకు మళ్ళీ విత్తవలసి రావడమంటే విత్తన ఖర్చుతో పాటు అదను కూడా పోగొట్టుకోవడమే.

తుపాకీ ఎందుకు పరిష్కారం కాదు

మొదటి కారణం చట్టం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ పట్టికలలో చేర్చిన వన్యప్రాణుల వేటను నిషేధిస్తున్నది. చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. చంపే ప్రయత్నం, విషం పెట్టడం, ఉచ్చు పన్నడం, పట్టుకోవడం, అడవిపక్షుల గుడ్లకు, గూళ్ళకు హాని కలిగించడం కూడా వేటయే. పాత నాలుగవ పట్టికలో పావురాల కుటుంబమంతటినీ చేర్చి, నీలి పావురాన్ని మాత్రం మినహాయించారు. ఆ మినహాయింపును విన్నవారు నేటికీ దానినే చెప్పుకొంటూ ఉంటారు. కానీ 2022 సవరణ చట్టం 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చి పట్టికలన్నింటినీ తిరగవ్రాసింది. కావున పాత మినహాయింపును ఆధారం చేసుకొని తుపాకీ ఎత్తడం తగదు. చట్టోల్లంఘనకు సాధారణంగా మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించే వీలున్నది. పైగా పొలంలో దిగే గుంపులో మెడపై చుక్కలున్న గువ్వలు, మెడ వెనుక నల్లని పట్టీ గల గువ్వలు కలిసి ఉంటాయి. ఇవి ఆనాడూ రక్షిత పక్షులే. యాభై గజాల దూరం నుండి వీటిని వేరుచేసి చూడడం అనుభవం లేనివారికి సాధ్యం కాదు. పంజరం నుండి వదిలిన పక్షులను కాల్చే పోటీలను 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కూడా నేరంగా పరిగణిస్తున్నది.

రెండవ కారణం శాస్త్రీయమైనది. వేటకు అనుమతి ఉన్న దేశాలలోనే కాల్పుల ఫలితాన్ని కొలిచి చూశారు. ఇంగ్లండులో అడవి పావురం క్యాబేజీ, క్లోవర్ వంటి పంటలకు పెద్ద బెడద. ఒక దశలో అక్కడి ప్రభుత్వం రైతులకు తూటాలపై రాయితీ కూడా ఇచ్చింది. మర్టన్, ఆయన సహచరులు కేంబ్రిడ్జ్ ప్రాంతంలో జరిపి 1974లో ప్రచురించిన అధ్యయనంలో శీతకాలపు కాల్పులు మొత్తం మరణాల సంఖ్యను పెంచలేదని తేలింది. ఆహారం కొరవడి ఎలాగూ చనిపోవలసిన పక్షులే తూటాకు చనిపోయాయి. మిగిలినవాటికి తిండి ఎక్కువగా దొరికి అవి బతికాయి. వసంతానికి సంఖ్య మళ్ళీ యథాస్థితికి చేరింది.

స్విట్జర్లాండులోని బాసెల్ నగర అనుభవం మరింత స్పష్టమైనది. 1961–1985 మధ్య అక్కడ సుమారు లక్ష పావురాలను చంపారు. సంఖ్యలో శాశ్వతమైన తగ్గుదల కనిపించలేదు. 1988 నుండి ప్రజలు గింజలు చల్లడాన్ని తగ్గించే ప్రచారం చేపట్టగా నాలుగైదు ఏళ్ళలో గుంపులు దాదాపు సగానికి తగ్గాయి. పావురం ఈతకు రెండు గుడ్లు పెడుతుంది. 17–18 రోజులకు పిల్లలు బయటికి వస్తాయి. ఆహారం ఉన్నంతకాలం ఏడాదిలో అనేక ఈతలు సాగుతాయి. సంఖ్యను నిర్ణయించేది ఆహారమే కనుక చంపిన ప్రతి పక్షి చోటునూ మరొకటి భర్తీ చేస్తుంది.

మొదటి మెట్టు: దోషి ఎవరో తేల్చుకోవడం

చాళ్ళలో మొలకలు లేకపోతే నింద వెంటనే పావురంపై పడుతుంది. నివారణ పద్ధతి పక్షిని బట్టి మారుతుంది కనుక ఈ తొందర నష్టం కలిగిస్తుంది. కొన్ని గుర్తులు తప్పక పరిశీలించాలి.

పావురం కాళ్ళతో మట్టిని గీకదు. ముక్కుతో పైమట్టిని అటూ ఇటూ విసిరి, కనిపించిన గింజను పొట్టుతో సహా మింగుతుంది. కనుక పైపైన పడిన విత్తనం పోయి, లోతుగా పడినది మిగిలితే పావురాన్ని అనుమానించవచ్చు. మట్టి గీకిన గుంటలు కనిపిస్తే అది నెమలి లేదా కౌజు పని. చాలు వెంట చిన్న బొరియలు, దగ్గరలో కొరికిన పొట్టు ఉంటే ఎలుకలు వచ్చినట్లు. మొలకను పైకి లాగి గింజ తీసుకొని మొక్కను అక్కడే వదిలేస్తే కాకిని అనుమానించాలి. పొద్దుతిరుగుడు పువ్వులోనో మొక్కజొన్న కండెపైనో వాలి గింజలు ఒలిచి, పొట్టు కింద రాల్చేది రామచిలుక. పావురం సాధారణంగా కంకికి వేలాడి తినదు, నేలపైనే తింటుంది. ఈ ఒక్క తేడా తెలిసినవారు చిలుకల నష్టానికి పావురాలను బెదిరించే వృథా శ్రమ పడరు.

రెండవ మెట్టు: మూడు రోజుల పరిశీలన

సలీం అలీ 1931–32లో నైజాం రాజ్యపు పక్షుల సర్వే జరిపిన నాటికి నమూనాలను తుపాకీతోనే సేకరించేవారు. నేడు రైతుకు కావలసింది ఒక పుస్తకం, ఒక పెన్సిలు, వీలైతే ఒక బైనాక్యులర్. విత్తడానికి ముందు మూడు రోజులు ఉదయం సూర్యోదయం నుండి రెండు గంటలు, సాయంత్రం సూర్యాస్తమయానికి ముందు రెండు గంటలు పొలం గట్టున కూర్చొని కింది విషయాలు వ్రాసుకోవాలి.

ఒకటి, పక్షులు ఏ దిశనుండి వస్తున్నాయి. పావురాలు సాధారణంగా ప్రతిదినం ఒకే దారిని పాటిస్తాయి. చెరువు కట్ట, విద్యుత్ తీగలు, చెట్ల వరుస ఆ దారికి ఆనవాళ్ళు.

రెండు, అవి ఎక్కడనుండి బయలుదేరుతున్నాయి. బాసెల్‌లో జీపీఎస్ పరికరాలు అమర్చిన పావురాలలో అత్యధికం గూటికి రెండు కిలోమీటర్ల లోపే తిరిగాయి. అన్నింటికంటె దూరం వెళ్ళినది ఐదు కిలోమీటర్లు కొద్దిగా దాటింది. ఆహారం కరవైనచోట ఇంకా ఎక్కువ దూరం పోవచ్చు. అయినా చేవెళ్ళ పొలంలోని గుంపు జూబ్లీహిల్స్ నుండే వచ్చిందనుకోవడం కంటె, సమీపంలోని కోళ్ళ షెడ్డు, పాడుబడిన బావి, ధాన్యపు గిడ్డంగి, వంతెన అడుగుభాగం, ఆలయ గోపురం వైపు చూడడం సమంజసం.

మూడు, దిగేముందు ఎక్కడ వాలుతున్నాయి. పావురాలు నేరుగా పొలంలో దిగడం అరుదు. ముందు తీగపైనో ఎండు కొమ్మపైనో వాలి నేలను పరికిస్తాయి. కాపలా ఉండవలసిన చోటు అదే.

నాలుగు, గాలి ఎటునుండి వీస్తున్నది. పక్షులు గాలికి ఎదురుగా దిగుతాయి. కనుక గాలి ఏ వైపుకు పోతున్నదో ఆ వైపు అంచునుండి అవి పొలంలోకి ప్రవేశించే అవకాశం ఎక్కువ. బెదిరింపు సాధనాలను పొలమంతా పలుచగా పెట్టే బదులు ఆ అంచున దట్టంగా పెట్టడం మేలు.

ఐదు, మొదట దిగే పక్షులు ఎన్ని. ఇంగ్లండు వేటగాళ్ళు బొమ్మ పావురాలను నేలపై పెట్టి గుంపులను రప్పించడం అందరికీ తెలిసినదే. మేస్తున్న పక్షి కనిపిస్తే ఎగిరే పక్షికి అది క్షేమమైన చోటని నమ్మకం కలుగుతుంది. ఈ సూత్రమే రైతుకు తిరగేసి ఉపయోగపడుతుంది. మొదటి మూడు నాలుగు పక్షులను నేలను తాకనీయకుండా లేపితే వెనుక వచ్చే యాభై ఆగవు. గుంపంతా దిగాక చేసే కేకల వల్ల ప్రయోజనం సగమే. కాపలా మనిషి పొద్దెక్కిన తరువాత కాక సూర్యోదయానికి ముందే గట్టుపై ఉండాలనడానికి కారణం ఇదే.

మూడవ మెట్టు: విత్తే పద్ధతిలో జాగ్రత్తలు

పావురం మట్టిని గీకలేదన్న వాస్తవమే ఇక్కడ ఆధారం. మొక్కజొన్నను 4–5 సెం.మీ. లోతున విత్తి మట్టిని బాగా కప్పి అదిమినట్లయితే గింజ వాటి ముక్కుకు సులభంగా అందదు. గొర్రు లేదా యంత్రం మలుపు తిరిగే చోట, చాలు మొదట, చివర గింజలు పైన రాలుతాయి. గుంపును మొట్టమొదట ఆకర్షించేవి అవే. విత్తిన వెంటనే వాటిని ఏరివేయడం అతి తక్కువ ఖర్చుతో జరిగే రక్షణ. ఇరుగుపొరుగు రైతులతో కలిసి ఒకే వారంలో విత్తితే పక్షుల ఒత్తిడి అన్ని పొలాలకూ పంచబడుతుంది. ముందుగానో ఆలస్యంగానో ఒంటరిగా విత్తిన పొలమే ఎక్కువగా నష్టపోతుంది.

విత్తిన నాటి నుండి మొలకలు నిలదొక్కుకొనే వరకు, అనగా 10–15 రోజులు, కాపలా తప్పనిసరి. ఆ తరువాత పావురాల వల్ల మొక్కజొన్నకు భయం చాలా తగ్గుతుంది. మరల కోత, కళ్ళం దశలో జాగ్రత్త పడాలి. ఏడాదంతా పక్షులతో పోరాడడం కాక, పంట బలహీనంగా ఉన్న ఈ కొద్ది రోజులకే శ్రమను కేంద్రీకరించడం కొత్త రైతు నేర్చుకోవలసిన ముఖ్య సూత్రం.

నాలుగవ మెట్టు: బెదిరింపు సాధనాల వినియోగం

వ్యవసాయ పక్షిశాస్త్రంపై అఖిల భారత స్థాయిలో జరిగిన పరిశోధనలకు రాజేంద్రనగర్ ఒక ముఖ్య కేంద్రం. అటువంటి పరిశోధనల ఫలితంగా ప్రచారంలోకి వచ్చినది మెరుపు రిబ్బను. ఒకవైపు ఎరుపు, మరొకవైపు వెండి రంగు గల ఒక సెంటీమీటరుకు కొంచెం పైబడిన వెడల్పు రిబ్బనును కర్రల మధ్య రెండు మూడు మెలికలు వేసి, పైరుకు ఒక అడుగు ఎత్తున కట్టాలి. ఎండకు మెరుపు, గాలికి శబ్దం రెండూ పుడతాయి. మరీ బిగించి కట్టితే గాలికి కదలదు, మరీ వదులైతే పైరుకు చుట్టుకొంటుంది.

ఏ సాధనమైనా కొద్ది రోజులకు పక్షికి అలవాటవుతుంది. దిష్టిబొమ్మ తలపై కాకులు వాలడం ప్రతి రైతూ చూసినదే. కనుక మూడు నాలుగు రోజులకొకసారి సాధనాన్ని గాని, స్థలాన్ని గాని మార్చాలి. రిబ్బను, డబ్బాల చప్పుడు, మంచెపై మనిషి, వడిసెలతో ఖాళీ చోటికి విసిరే మట్టిబెడ్డ, ఇవి వంతులవారీగా రావాలి. మనిషి రాకకు ముందు ప్రతిసారీ ఒకే శబ్దం చేస్తే, ఆ శబ్దానికే పక్షులు లేచే అలవాటు కొంతకాలం నిలుస్తుంది. వడిసెలను పక్షికి గురిచూసి విసరరాదు. దాని ప్రయోజనం చప్పుడు మాత్రమే.

నారుమళ్ళు, కూరగాయల చిన్న మడులకు వల ఉత్తమ రక్షణ. అయితే కంటికి కనిపించని సన్నని నైలాను దారపు వలలో పక్షులు చిక్కి చనిపోతాయి. అది ఉచ్చుతో సమానం. స్పష్టంగా కనిపించే మందపాటి వలను ఊతకర్రలపై బిగించి కట్టాలి. పురుగుమందు కలిపిన గింజలు చల్లడం ఎంతమాత్రం కూడదు. వాటిని తిని ముందుగా చనిపోయేవి నెమళ్ళు, గువ్వలు, పెంపుడు కోళ్ళు.

ఐదవ మెట్టు: ఆహారం, ఆశ్రయం తగ్గించడం

పొలంలోని ఇల్లు, పశువుల కొట్టం, దాణా గది తరచు పావురాలకు నిలయాలవుతాయి. రాలిన దాణాను ప్రతి సాయంత్రం ఊడ్చివేయాలి. కళ్ళంలో ధాన్యాన్ని రాత్రికే కాక మధ్యాహ్నం భోజన సమయంలోనూ టార్పాలినుతో కప్పాలి. షెడ్డు చూరులోని ఖాళీలను జాలీతో మూసివేయాలి. ఈ పని గూడు కట్టకముందే చేయాలి. గుడ్లు, పిల్లలు ఉన్న గూటిని కదిలించరాదు.

వారాంతంలో పొలానికి వచ్చే యజమాని మిగిలిన రోజులలో నగరంలో తన మేడపై గింజలు చల్లుతూ ఉండవచ్చు. అనుకంపతో చేసే ఆ పని గుంపు పెరుగుదలకు తోడ్పడుతుందని బాసెల్ అనుభవం చెబుతున్నది. పిట్టగోడపై నీటి పళ్ళెం పెట్టడం అన్ని పక్షులకూ మేలు. బస్తాల కొద్దీ గింజలు చల్లడం ఒక్క జాతికే మేలు, ఇతరులకు ఇబ్బంది.

ఫలితాన్ని కొలవడం

ఏ పద్ధతి పనిచేసిందో అంచనాతో కాక లెక్కతో తెలుసుకోవాలి. మొక్కజొన్న విత్తిన పన్నెండవ రోజున పొలంలో పది చోట్ల 5 మీటర్ల పొడవు చాలును కొలిచి మొక్కలను లెక్కించాలి. 20 సెం.మీ. ఎడంలో ప్రతి చోటా 25 మొక్కలు ఉండాలి. సగటున 20 మాత్రమే ఉంటే ఐదవ వంతు లోపించినట్లు. పొలం అంచున ఐదు చోట్లు, నడుమ ఐదు చోట్లు విడివిడిగా లెక్కిస్తే పక్షులు ఏ వైపునుండి దిగాయో కూడా తెలుస్తుంది. ఖాళీలున్నచోట మట్టిని తవ్వి చూడడం మరవరాదు. కుళ్ళిన విత్తనం కనిపిస్తే నిందించవలసింది పావురాన్ని కాదు, విత్తన నాణ్యతను లేదా తేమను.

ఈ లెక్కలను పరిశీలన పుస్తకంలో వ్రాసి ఉంచితే మరుసటి ఏడాది ఏ అంచున, ఏ వేళ, ఎన్ని రోజులు కాపలా కావాలో ముందుగానే తెలుస్తుంది. కంది పంటకు ఆంగ్లంలో పిజన్ పీ, అనగా పావురాల బఠాణి, అన్న పేరు స్థిరపడింది. గింజకూ ఆ పక్షికీ ఉన్న సంబంధం అంత పాతది, అది తెగేది కాదు. రైతు చేయగలిగినది గింజ మట్టిలో పడిన నాటి నుండి మొలక నిలదొక్కుకొనే నాటి వరకు దానిని కాపాడుకోవడం. అందుకు సూర్యోదయానికి ముందు గట్టుపై కూర్చొనే ఓపిక, వ్రాసిపెట్టుకొన్న నాలుగు పుటల పుస్తకం తుపాకీ కంటె ఎక్కువగా ఉపకరిస్తాయి.